జిమ్మెల్ గారూ, మా పూర్ బాయిస్ ఫండూ

మా అమ్మాయి ఇక్కడే బరంపురంలో సమాజశాస్త్రం ఎం.ఏ. చదువుతున్నది. నా చదువు మెట్రిక్కుతో సరి. దాని పుస్తకాల జోలికి నేను పోకుండా వుండడమే మర్యాద. అయితే మా యింట్లో ఒక అలవాటు వున్నది. రాత్రి భోజనాలయ్యాక అది పాఠం పైకి చదువుతుంది. పైకి చదివితే గాని దానికి బుర్రకెక్కదు. నేను ఆఫీసు నుంచి తెచ్చుకున్న లెక్కల కాగితాలు ముందు పరుచుకుని కూర్చుంటాను. వాళ్ళమ్మ మర్నాటికి చిక్కుడుకాయలు వొలుస్తూ వుంటుంది. ఇరవై యేళ్ళుగా ఆఫీసు ఇంగ్లీషుతో కాపరం చేస్తున్నవాణ్ణి గనక పన్నెండణాల వంతు నాకు అర్థమవుతుంది. తక్కిన నాలుగణాలూ అడిగి తెలుసుకుంటాను.

ఒకనాటి రాత్రి అది ఒక వాక్యం చదివింది. దాని భావం ఇది: చేతిలో డబ్బు లేనంత మాత్రాన మనిషి సంఘం లెక్కలో పేదవాడు కాడు, అతనికి సాయం చెయ్యాలని నలుగురూ అనుకున్ననాడు, ఆ సాయం అతను పుచ్చుకున్ననాడు పేదవాడవుతాడు. నా చేతిలో కలం ఆగిపోయింది.

"అమ్మా, మళ్ళీ చదువు" అన్నాను.

చదివింది.

"ఎవరమ్మా ఈ సిమ్మెల్?"

"సిమ్మెల్ కాదు నాన్నగారూ, జిమ్మెల్. గేయోర్గ్ జిమ్మెల్. జర్మనీవాడు. చచ్చిపోయి వందేళ్ళు దాటింది" అన్నది.

వందేళ్ళ కిందట చచ్చిపోయిన జర్మనీవాడికి నా ఎనిమిదో తరగతి సంగతి ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను. ఆ సంగతి మా ఆవిడకు కూడా నేను పూర్తిగా ఎన్నడూ చెప్పలేదు. చదువరులకు చెబుతాను గాని, ముందు ఆయన కథ వినండి.

జిమ్మెల్ 1858 మార్చి 1న బెర్లిను నగరం నడిబొడ్డున పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో కడపటివాడు. తండ్రి చాకొలేట్ల వ్యాపారం చేసేవాడు. పిల్లవాడికి పదహారో యేట, 1874లో, తండ్రి పోయాడు. సంగీత గ్రంథాలు అచ్చువేసే జూలియస్ ఫ్రీడ్‌లెండర్ అనే కుటుంబ మిత్రుడు అతనికి సంరక్షకుడుగా వున్నాడు. తరవాత ఆయన ఆస్తిలో కొంత జిమ్మెల్‌కు దక్కింది. ఈ సంగతి కాస్త జ్ఞాపకం పెట్టుకోండి, దీనితో మళ్ళీ పని వున్నది.

చదువు బెర్లిను విశ్వవిద్యాలయంలోనే. డాక్టరు పట్టానికి మొదట సంగీతం ఎలా పుట్టిందన్న విషయం మీద వ్యాసం పెడితే పెద్దలు తోసేశారు. రాతలో తప్పులు కూడా దండిగా వున్నాయట. (ఈ ముక్క విని నాకు ప్రాణం లేచివచ్చింది. నా డ్రాఫ్టులన్నీ ఎర్ర సిరాతో తిరిగివస్తూ వుంటాయి.) చివరికి కాంటు మీద అంతకుముందు రాసి బహుమతి పుచ్చుకున్న మరో వ్యాసానికి 1881లో పట్టం ఇచ్చారు. 1885లో అదే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకోవడానికి అనుమతి దొరికింది.

అనుమతే గాని జీతం లేదు. వాళ్ళ పద్ధతి అది. ప్రీవాట్‌డోట్సెంట్ అంటారు. విశ్వవిద్యాలయం గది ఇస్తుంది. వచ్చి వినే విద్యార్థులు కట్టే రుసుమే ఆయనకు రాబడి. మన పాతకాలపు వీధిబడి పంతులుగారిలాగే. జిమ్మెల్ బడి మాత్రం కిటకిటలాడేది. ప్రష్యాలో ఆడపిల్లలను విద్యార్థినులుగా చేర్చుకోవడానికి 1908 దాకా చట్టం ఒప్పుకోలేదు. అంతకు ముందే వాళ్ళు అతిథులుగా వచ్చి ఈయన పాఠాలు వినేవారు. తూర్పు దేశాలనుంచి వచ్చినవాళ్ళు వినేవారు. అమెరికానుంచి రాబర్ట్ పార్క్ అనే ఆయన వచ్చి విని వెళ్ళి, తరవాత షికాగోలో ఆ శాస్త్రానికి పెద్ద పీట వేశాడు. అటువంటి గురువుకు పదహారేళ్ళ తరవాత, 1901లో, ప్రొఫెసరు అనే పేరు తగిలించారు. అదీ పేరుకే. జీతం లేదు, శాఖ వ్యవహారాల్లో నోరెత్తే హక్కూ లేదు.

మరి సంసారం ఎలా గడిచింది? ఇందాక చెప్పిన సంరక్షకుడి ఆస్తి వల్ల. డబ్బు మీద అంత పెద్ద పుస్తకం రాయగలిగినవాడు, డబ్బు కాస్త వుండబట్టే రాయగలిగాడు. ఇది మా అమ్మాయి పుస్తకంలో ఒక మూల చిన్న అక్షరాల్లో వున్నది. నేనైతే పెద్ద అక్షరాల్లో వేసేవాణ్ణి.

ఆ పుస్తకం 1900లో వచ్చింది. 'డబ్బు తత్వశాస్త్రం' అని చెప్పుకోవచ్చు. ఇంగ్లీషులోకి 1978లో గాని రాలేదు. అది నేను పుట్టిన సంవత్సరం. దాన్ని పూర్తిగా చదివానని చెబితే అబద్ధం. మా అమ్మాయి గీతలు గీసిన పేజీలు మాత్రం చదివాను. అందులో ఒక రైతు కథ నాకు బాగా పట్టుబడింది. పూర్వం రైతు దొరకు తేనె రూపంలో పన్ను కట్టాలనుకోండి. అతను తేనెటీగలు పెంచి తీరాలి. ఇష్టం వున్నా లేకపోయినా అతని రోజు ఆ తేనెపట్టు చుట్టూ తిరగాలి. అదే పన్ను డబ్బు రూపంలోకి మారిందా, తేనెటీగలు పెంచుతాడో, ఆవుల్ని మేపుతాడో అతని ఇష్టం. దొరకు అందవలసింది అందితే చాలు, రైతు బతుకులోకి తొంగి చూసే పని లేదు. మా గంజాం జమీందారీల్లో నెయ్యీ, ధాన్యమూ, వెట్టీ ఇచ్చుకున్న కుటుంబాలకు ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు. డబ్బును అందరూ తిడతారు గాని, అది మనిషిని మనిషి గుప్పిట్లోంచి కొంత వదిలిస్తుందని జిమ్మెల్ అంటాడు. అదే నోటితో ఇంకో మాట కూడా అంటాడు. డబ్బుకు 'ఎంత' అన్న ప్రశ్న తప్ప 'ఎవరు, ఎలాంటివారు' అన్న ప్రశ్న తెలియదనీ, దానివల్ల మనుషుల నడుమ చలి పెరుగుతుందనీ. ఒకే పుస్తకంలో రెండూ చెప్పి ఏదీ వదలడు. మా ఆఫీసులో ఇటువంటివాణ్ణి తేల్చి చెప్పవయ్యా అని విసుక్కుంటారు.

పేదవాడి మీద రాసిన అధ్యాయం 1908లో వచ్చిన 'సమాజశాస్త్రం' అనే లావుపాటి గ్రంథంలో వున్నది. పూర్వం దానం చేసినవాడు తన పుణ్యం కోసం చేసేవాడు. ఇప్పుడు ప్రభుత్వం చేసే సాయం సంఘం చెడిపోకుండా వుండడం కోసం. రెండింటిలోనూ పుచ్చుకునేవాడు రోడ్డు పనిలో కంకర వంటివాడు. పని అతని మీద జరుగుతుంది గాని అతన్ని అడిగి జరగదు. ఇంకొకటి కూడా చెప్పాడు. ఏ అంతస్తుకు ఆ పేదరికం వేరే వుంటుందట. కూలివాడికి లోటు కాని వస్తువు గుమాస్తాకు లోటవుతుంది. తన తోటివారిలో తలెత్తుకోవడానికి కావలసింది లేకపోతే ఆ మనిషి తనలో తాను కుంగిపోతూ, పైకి మాత్రం మాట పడకుండా దాచుకుంటాడు.

ఇక నా సంగతి. మా నాన్నగారు ఒక పట్టుబట్టల కొట్లో గుమాస్తా. 1991లో నేను ఎనిమిదో తరగతి. ఆ యేడు షాహుకారుగారు పోయి, కొడుకుల తగువుల్లో కొట్టు నాలుగు నెలలు మూతబడింది. నాన్నగారు మాత్రం రోజూ వుదయం స్నానం చేసి, ఇస్త్రీ పంచె కట్టుకుని, వేళకు ఇంట్లోంచి బయలుదేరేవారు. ఎక్కడికి వెళ్ళేవారో మాకు తెలియదు. ఇంట్లో అన్నం వున్నది, పప్పుచారు వున్నది. నాకు ఏ లోటూ తెలియలేదు.

మా బడిలో పూర్ బాయిస్ ఫండు అని ఒకటి వుండేది. మంచి మనసున్న మాష్టారొకరు మా సంగతి ఎలాగో విని నా పేరు కూడా జాబితాలో వేశారు. ఒక శనివారం ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరుగారు ఏడుగురి పేర్లు చదివి ముందుకు రమ్మన్నారు. తలా ఒక ఖాకీ నిక్కరూ, ఆరు నోటు పుస్తకాలూ ఇచ్చారు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. పుస్తకాల అట్ట మీద వూదా సిరాతో 'పూర్ బాయిస్ ఫండ్' అని రబ్బరు ముద్ర. ఆ వుదయం ఇంటి దగ్గర బయలుదేరినప్పుడు నేను పేదవాణ్ణి కాను. ప్రార్థన ముగిసేసరికి అయ్యాను. మధ్యలో మా యింట్లో ఒక్క గింజ బియ్యం తగ్గలేదు.

నాకొక ఒడియా స్నేహితుడు వుండేవాడు. మధ్యాహ్నం మేమిద్దరం డబ్బాలు మార్చుకునేవాళ్ళం. వాడి చకుళి పిఠా నాకు, మా అమ్మ వేసిన మినపట్టు వాడికి. నిజానికి రెండూ ఒకే పిండి, పేర్లే వేరు; అయినా పక్కవాడిది రుచిగా వుండేది. సోమవారం నాడు వాడు రెండు డబ్బాలు తెచ్చాడు. ఒకటి నా ముందు పెట్టాడు. నా అట్టు తీసుకోమంటే, "వద్దురా, నువ్వు తిను" అన్నాడు. వాడి మనసు బంగారం. కాని ఆ రోజుతో మా ఇచ్చిపుచ్చుకోవడం పోయి, వాడు ఇవ్వడం, నేను పుచ్చుకోవడం మిగిలింది. నెల తిరక్కుండా నేను వేరే చెట్టు కింద కూర్చోవడం మొదలుపెట్టాను.

నాన్నగారు పుస్తకాలు తిరగేసి ముద్ర చూశారు. ఏమీ అనలేదు. రాత్రి నాకు మెలకువ వచ్చి చూద్దును గదా, లాంతరు పెట్టుకుని తడిగుడ్డతో ఆ ముద్రలు తుడుస్తున్నారు. తుడిచినకొద్దీ వూదారంగు అట్టంతా పాకింది. నేను కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాను. ఆయన పోయి పదేళ్ళయింది. ఆ రాత్రి నేను చూశానని ఆయనకు చెప్పలేదు.

ఈ ఘట్టం తలుచుకుంటూనే జిమ్మెల్ తక్కిన కథ విన్నాను. 1908లో హైడెల్‌బర్గులో ఒక పీఠం ఖాళీ వచ్చింది. మాక్స్ వేబర్ అంతటివాడు జిమ్మెల్‌కు ఇమ్మని పట్టుబట్టాడు. అభిప్రాయం చెప్పమని బెర్లినులోని డీట్రిక్ షేఫర్ అనే చరిత్ర ప్రొఫెసరును అడిగారు. ఆయన రాసిన వుత్తరం ఇప్పటికీ వున్నది. ఈ మనిషి రూపంలోనూ, నడతలోనూ, ఆలోచనలోనూ యూదుడేనని రాశాడు. ఆయన పాఠాలకు వచ్చేది ఆడవాళ్ళూ, తూర్పు దేశాలవాళ్ళూ అని ఎత్తిచూపాడు. రాజ్యమూ, మతమూ వుండవలసిన చోట సంఘాన్ని కూర్చోబెట్టడం పెడదారి అన్నాడు. జిమ్మెల్ తలిదండ్రులు యూదు కుటుంబాలలో పుట్టి క్రైస్తవం పుచ్చుకున్నవాళ్ళు; జిమ్మెల్‌కు పసితనంలోనే బాప్తిస్మం ఇచ్చారు. అది లెక్కకు రాలేదు. పీఠం ఆయనకు దక్కలేదు.

మా అమ్మాయి పాఠంలో దీన్ని సాంఘిక బహిష్కారం అంటారు. మన తెలుగులో వెలి అని చిన్న మాట వున్నది. ఆ మాట వెనక మన దేశంలో ఎంత ఘోరం జరిగిందో, జరుగుతున్నదో అందరికీ తెలుసు. దాని పక్కన బెర్లిను ప్రొఫెసరు కష్టం ఏపాటిది? ఆయన పస్తులుండలేదు, ఆయన ఇంటికి కవులూ పండితులూ వచ్చేవారు. కాని తలుపు బయటికి తొయ్యకుండా, లోపలే వుంచి, పంక్తిలో మాత్రం విస్తరి వెయ్యకపోవడం కూడా ఒక విద్య. అది నేర్చినవాళ్ళు అన్ని దేశాల్లోనూ వున్నారు.

విస్తరి దక్కని ఆ యేడే, ఆ లావు గ్రంథంలోనే, 'పరాయివాడు' అని నాలుగైదు పేజీలు రాశాడు. పరాయివాడంటే దారిన పోయే బాటసారి కాదట. వచ్చి, వుండిపోయి, మన మధ్యే వర్తకం చేస్తూ, అయినా ఎక్కడినుంచో వచ్చినవాడన్న గుర్తు చెరగనివాడట. ఈ ముక్క వినగానే మా ఆవిడ చిక్కుడుకాయలు వదిలేసి, "మన గురించేనే రాశాడు" అన్నది. సగం నిజమే. సగం కాదు. మా తాతగారు పుట్టింది మద్రాసు రాజధానిలో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం వేరయినప్పుడు బరంపురం ఇటు వచ్చింది. ఆయన ఇల్లు కదలలేదు, వీధి కదలలేదు, సరిహద్దు కదిలింది. ఎక్కడికీ వెళ్ళకుండా పరాయివాడయిన వాడి సంగతి జిమ్మెల్ రాయలేదు. బహుశా అది మనమే రాసుకోవాలి.

చివరికి 1914లో, 56వ యేట, స్ట్రాస్‌బుర్గులో ఆయనకు పూర్తి పీఠం ఇచ్చారు. ఆ వూరు అప్పుడు జర్మనీది, ఇప్పుడు ఫ్రాన్సుది. వెళ్ళిన కొద్ది నెలలకే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. పాఠాల గదులు సైనికుల ఆసుపత్రులయ్యాయి. ముప్ఫై యేళ్ళు కిటకిటలాడే గదిలో జీతం లేకుండా చెప్పినవాడికి, జీతం వచ్చేసరికి వినేవాళ్ళు లేరు. 1918 సెప్టెంబరు 26న, యుద్ధం ముగియడానికి నెలన్నర ముందు, కాలేయ క్యాన్సరుతో పోయాడు. తన చదువుకు నేరు వారసులెవరూ వుండరని ముందే గ్రహించాడు. తన ఆస్తి నగదు లాంటిదనీ, పంచుకున్నవాళ్ళు తలా ఒక పనికి వాడుకుంటారనీ, అది ఎక్కడినుంచి వచ్చిందో ఆనవాలు వుండదనీ రాసుకున్నాడట.

ఆనవాలు వుండదన్న ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే, ఆరేళ్ళుగా మన సంఘం విద్యార్థి సహాయ నిధి లెక్కలు రాస్తున్నది నేనే. ప్రతి వుగాదికీ వేదిక మీద పిల్లల పేర్లు పిలిచేది నేనే. దాత చేతిలో కవరు, పిల్లవాడి చెయ్యి, ఫొటో. ఈ పత్రికలో వేసే ఆ ఫొటోల కింద 'సహాయం పొందిన పేద విద్యార్థులు' అని రాసి పంపేదీ నేనే. మా హెడ్మాస్టరుగారి ముద్ర వూదారంగు. నాది నల్లసిరా. ఈ ఆరేళ్ళలో ఆ రెండూ ఒకటేనని నాకు తట్టలేదంటే నమ్ముతారా?

నిరుడు పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన ఒక కుర్రవాడు దరఖాస్తు పెట్టలేదు. నేనే కబురు పంపాను. తల్లి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. మా ఆవిడ లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. "డబ్బు వద్దని కాదు బాబూ. వాడు ఫొటోకి నిలబడనంటున్నాడు" అన్నది. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇంత పొగరయితే ఎలా అని కూడా అనుకున్నాను. ఆ కోపం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా వున్నది.

కిందటి నెల కమిటీలో ఈ మాట ఎత్తాను. పెద్దాయన ఒకరు, "గుడికి ట్యూబులైటు ఇచ్చినా పేరు రాస్తారు కదయ్యా, ఇచ్చినవాడికి ఆ మాత్రం తృప్తి వుండొద్దా?" అన్నారు. "ఇచ్చినవారి పేరు రాద్దామండీ. వెలుగు ఎవరి మీద పడిందో రాయొద్దంటున్నాను" అన్నాను. నవ్వారు. కాదనలేదు. పుస్తకాలూ బట్టలూ కాకుండా డబ్బు నేరుగా ఖాతాలో వేద్దామన్నాను. తండ్రులు వాడేసుకుంటారని ఇంకొకరు. తేనె పన్ను కథ చెప్పాను. అందరూ శ్రద్ధగానే విన్నారు. అప్పుడు మా కోశాధికారి గారు ఒక మాట అన్నారు: "బాగానే వుంది. కిందటేడు పుస్తకాలు ఇవ్వడానికి వెళ్ళబట్టే కదా, ఆ పిల్ల తల్లి మంచాన వున్నట్టు తెలిసింది. ఖాతాలో వేస్తే ఆ యింటికి ఎవడు వెళతాడు?"

నాకు జవాబు తోచలేదు. జిమ్మెల్ చెప్పిన చలి అదే. ఇంటికి వచ్చి మా అమ్మాయిని అడిగితే, అది కూడా పుస్తకం మూసి ఆలోచనలో పడింది.

ఎలాగైతేనేం, ఈ యేడు వేదిక మీద దాతల పేర్లు మాత్రమే చదువుతారు. సగం ఖాతాలోకి, సగం పుస్తకాల రూపంలో. పుస్తకాలు సాయంత్రం పూట మాలో ఒకరు ఇంటికి తీసుకువెళ్ళాలి, ముద్ర లేకుండా. ఫొటోలు లేవు. కొత్త దరఖాస్తు ఫారం నన్నే తయారుచెయ్యమన్నారు. 'పేద విద్యార్థి సహాయ దరఖాస్తు' అని పాత అలవాటున రాశాను. మా అమ్మాయి పెన్సిలు తీసుకుని మొదటి మాట కొట్టేసింది. కార్యదర్శిగారు చూసి, "అది తీసేస్తే గొప్పింటివాళ్ళు కూడా పెడతారు, బదులు ఏదో ఒక మాట పెట్టండి" అన్నారు. బీద, నిరుపేద, అవసరమున్న, అర్హుడైన అని అన్నీ రాసి చూశాను. ఒడియాలో కూడా వెతికాను. ఒక్కొక్క దాన్నీ ప్రార్థన వేళ హెడ్మాస్టరుగారి గొంతుతో చదువుకుని చూసి కొట్టేస్తున్నాను.

ఫారం అచ్చుకు ఇవ్వాలి. ప్రెస్సువాడు ఇప్పటికి రెండుసార్లు కబురు పెట్టాడు.